ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బోల్టుల బిగింపు టార్క్

కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని ఒక్కో బోల్టును ఎంతవరకు తిప్పి బిగించాలో తయారీదారు నిర్ణయించిన కొలతను బిగింపు టార్క్ అంటారు. పానాపై వేసిన బలాన్ని, బోల్టు నడిమి నుంచి చేయి పట్టిన చోటికి ఉన్న దూరంతో గుణిస్తే వచ్చే ఈ విలువను న్యూటన్ మీటర్లలో చెబుతారు.

బిగించిన బోల్టు సాగిన స్ప్రింగు వంటిది. అది వెనక్కు ముడుచుకోబోయే బలమే రెండు భాగాలను అదిమి పడుతుంది. అయితే పానాతో పెట్టిన శ్రమలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది కనుక, పొడి మరలకు చెప్పిన టార్కును నూనె తగిలిన మరలకు వాడితే బోల్టు అవసరానికి మించి సాగుతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగించడమంటే 20 సెంటీమీటర్ల పానా కొసన ఐదు కిలోల బరువు వేలాడదీసినట్లే. అంతమాత్రానికే ఆ బోల్టు ఇంచుమించు 800 కిలోల బరువంత బలంతో భాగాలను నొక్కిపడుతుంది.

గేర్‌బాక్స్ లోపలి బోల్టుల్లో చాలావరకు ఇంత చిన్నవే. జనరల్ మోటార్స్ 4ఎల్60-ఈ గేర్‌బాక్స్‌లో వాల్వ్ బాడీ బోల్టులకు సుమారు 11 న్యూటన్ మీటర్లు చాలు. ఇంజన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌ను ఇంజన్ ఫ్లెక్స్ ప్లేటుకు కలిపే బోల్టులకు మాత్రం 60కి పైగా కావాలి. జెడ్‌ఎఫ్ 6హెచ్‌పీ రకంలోని ప్లాస్టిక్ ఆయిల్ పాన్‌కు 10 సరిపోతుంది. గేర్‌బాక్స్ లోపల వదులుగా ఉండటం కంటే అతిగా బిగించడమే ఎక్కువ చేటు. నూనె ఒత్తిడిని గేర్లు మార్చే క్లచ్‌లకు పంచే వాల్వ్ బాడీలో వెంట్రుక కంటే సన్నని సందుతో జారే వాల్వులుంటాయి; ఒక మూల ఎక్కువ బిగిస్తే అల్యూమినియం పోత రవ్వంత వంగి, వాల్వు ఇరుక్కుని, గేరు మారేటప్పుడు బండి కుదుపుతుంది. అందుకే నడిమి నుంచి అంచులకు, మాన్యువల్ చెప్పిన వరుసలో, రెండు మూడు విడతలుగా బిగిస్తారు. ఇంత చిన్న టార్కులకు చక్రాల నట్లు బిగించే పెద్ద టార్క్ రెంచ్ పనికిరాదు.

గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు కలిపేటప్పుడు టార్క్ విలువ ఒక్కటే చూస్తే చాలదు. రెండు ముఖాలు చేతితో నెట్టగానే ఆనుకోవాలి. ఆనకుంటే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్ ఆయిల్ పంపులోకి పూర్తిగా దిగలేదని అర్థం. ఆ సందును బోల్టులతో లాగి మూస్తే, అవి సరైన టార్కుకు చేరేలోపే ఆయిల్ పంపు పగిలిపోవచ్చు.