కాల్పుల నివేదిక కోర్టు గడప దాకా ఎందుకు రాదు?

2018 మే 22న తూత్తుక్కుడిలో స్టెరిలైట్ రాగి కర్మాగార వ్యతిరేక ఆందోళన నూరో రోజుకు చేరింది. వేలాది మంది కలెక్టరేట్ వైపు ఊరేగింపుగా కదిలారు. పోలీసు చర్యల్లో 13 మంది ప్రాణాలు పోయాయి. తమిళనాడు ప్రభుత్వం మర్నాడే జస్టిస్ అరుణా జగదీశన్ కమిషన్‌ను వేసింది. తుది నివేదిక 2022 మేలో చేతికొచ్చింది, అక్టోబరులో శాసనసభ ముందుకు వచ్చింది.

ఆ నివేదిక మొహమాటపడలేదు. హెచ్చరిక, బాష్పవాయువు, లాఠీ, గాల్లోకి కాల్పులు అనే వరుసను పోలీసులు పాటించలేదని తేల్చింది. కలెక్టరేట్ ఆవరణలోని పార్కు చాటు నుంచి, పారిపోతున్న జనం మీద కాల్చారని చెప్పింది. పోస్టుమార్టం పత్రాలదీ అదే సాక్ష్యం: మృతుల్లో ఒకరైన పదిహేడేళ్ల విద్యార్థిని తల వెనక నుంచి దూరిన తూటా నోటి గుండా బయటికొచ్చింది. వెన్ను చూపి పరుగెత్తే పిల్ల ఎవరి ప్రాణానికి ముప్పు? ఆత్మరక్షణ వాదం ఈ ఒక్క గాయం ముందే నిలవదు. ఐజీ స్థాయి నుంచి కానిస్టేబుల్ దాకా 17 మంది పోలీసులపైనా, అప్పటి కలెక్టర్‌పైనా చర్యలు తీసుకోమని కమిషన్ సిఫార్సు చేసింది.

సిఫార్సు అన్న దగ్గరే చిక్కుంది. కమిషన్ నిర్ణయాలకు తమంతట తాముగా అమలయ్యే బలం లేదని 1958లో రామకృష్ణ దాల్మియా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 1952 నాటి విచారణ సంఘాల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం కమిషన్ ముందు చెప్పిన మాటను, అబద్ధపు సాక్ష్యం కేసులో తప్ప, చెప్పినవాడి మీద వాడకూడదు. సాక్షులు నోరు విప్పడానికి ఈ రక్షణ అవసరమే, కాదనను. కానీ కమిషన్ ఏళ్ల తరబడి కూడబెట్టిన నిజాన్ని పోలీసు దర్యాప్తు మళ్లీ మొదటి నుంచి రుజువు చేసుకోవాలి. ఈలోగా సాక్షులు చెదిరిపోతారు, అధికారులు పదోన్నతి పొందుతారు.

దర్యాప్తు ముగిసినా ఇంకో తలుపుంది. గుంపును చెదరగొట్టే పనిలో ఉన్నామని చెప్పుకునే పోలీసులపై రాష్ట్ర ప్రభుత్వ అనుమతి లేనిదే క్రిమినల్ కేసు నడపకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 132వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 151వ సెక్షన్. కాల్పులకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వమే అనుమతి ఇవ్వాలా వద్దా అని తేలుస్తుంది. నాగరాజ్ కేసులో (1964 ఏఐఆర్) సుప్రీంకోర్టు ఈ తలుపును కొంత తెరిచింది. రక్షణ కావాలన్న అధికారే, అక్కడ చట్టవిరుద్ధ సమావేశం ఉందనీ తాను దాన్ని చెదరగొట్టే పనిలోనే ఉన్నాననీ చూపించుకోవాలంది. తీర్పు వచ్చి అరవై ఏళ్లు దాటింది. బాధిత కుటుంబాల తరఫు వకీళ్లు దీన్ని ఇంకా గట్టిగా వాడుకోవాలి.

కొత్త సంహితను చదివినప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఒక తేడా. ఇతర ప్రభుత్వోద్యోగుల విచారణ అనుమతికి 218వ సెక్షన్ 120 రోజుల గడువు పెట్టింది; ఆలోగా ప్రభుత్వం తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. జనం మీద కాల్పులకు వర్తించే 151వ సెక్షన్‌లో అలాంటి గడువే లేదు. ఫైలు ఎన్నాళ్లు మూలుగుతున్నా అడిగే నిబంధన అందులో లేదు.

తెలుగు నేలకు ఇది కొత్త సంగతి కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన కాల్పుల్లో మృతులు 13 మందని అధికారిక లెక్క. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. స్థూపం లేచింది, సంస్మరణ జరుగుతోంది. ఎవరి ఆజ్ఞ మీద ఎవరు కాల్చారన్న ప్రశ్నకు స్థూపం జవాబు కాలేదు. ఆ జవాబు క్రిమినల్ కోర్టులోనే రావాలి. అందుకు ముందుగా 151వ సెక్షన్‌కూ 120 రోజుల గడువు పెట్టాలి, అనుమతి నిరాకరించిన ప్రతిసారీ కారణాలు రాసి మృతుల కుటుంబానికి ఇవ్వాలి.