పెరటి కోళ్లు: ఏది సహజం, ఏది పరాన్నజీవుల సంకేతం

మధ్యాహ్నం వేళ పెట్ట ఒకటి చెట్టు కింద పక్కకు ఒరిగి, ఒక రెక్క చాచి, కళ్లు అరమూసి, కాళ్లతో దుమ్మును ఒంటిపైకి ఎగజిమ్ముకుంటూ ఉంటుంది. కోళ్ల పెంపకానికి కొత్తవారు దానిని జబ్బుగా భావించి కంగారు పడడం కద్దు. అది ధూళి స్నానం. ఈకలకు పట్టిన అదనపు జిడ్డును, కొంతమేరకు పేలను కోడి ఈ విధంగానే వదిలించుకుంటుంది. పొడిమట్టి అందుబాటులో ఉన్నా పొర్లడం మానేసిన కోడినే కాస్త పరిశీలనగా చూడవలసి ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో నాటుకోళ్లతో పాటు హైదరాబాద్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు కూడా పెరళ్లలో కనిపిస్తాయి. రకం ఏదైనా కోళ్ల నడవడిలో పెద్ద తేడా ఉండదు. మందలో ఏ కోడి ఎవరికి తలొగ్గాలన్నది ముక్కుపోట్లతో నిర్ణయమవుతుంది. ఈ వరుసను నార్వే శాస్త్రవేత్త థోర్లీఫ్ షెల్డెరప్ ఎబ్బె 1921లో వర్ణించారు. కొత్త కోడిని తెచ్చినప్పుడు కొన్ని రోజులు కలహం తప్పదు. రక్తం వచ్చేలా పొడిస్తే మాత్రం గాయపడిన కోడిని వేరు చేయాలి.

కోళ్లకు స్వేద గ్రంథులు లేవు. కనుక ఎండలో నోరు తెరిచి రొప్పడం సహజం. చల్లని పూట రొప్పుతూ, గురకలాంటి శబ్దం చేస్తే అది శ్వాసకోశ వ్యాధి కావచ్చు. రెట్ట విషయంలోనూ భయాలు ఎక్కువే. రెట్టపై తెల్లటి పూత మూత్రంలోని యూరిక్ ఆమ్లం. అప్పుడప్పుడు పడే జిగట గోధుమరంగు రెట్ట కూడా ఆరోగ్య లక్షణమే. కోడిపిల్లల రెట్టలో రక్తం కనిపిస్తే అది కాక్సిడియా అనే సూక్ష్మజీవి పని కావచ్చు. తడి నేలపై పెరిగే పిల్లలను అది త్వరగా బలి తీసుకుంటుంది.

ఏడాదికోసారి కోడి ఈకలు రాల్చి, గుడ్లు పెట్టడం ఆపుతుంది. రాలిన చోట ముల్లులా కొత్త ఈకలు మొలుస్తుంటే దిగులు అక్కరలేదు. అవి మొలవక, చర్మం ఎర్రబడి ఉంటే మలద్వారం చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీసి చూడాలి. ఈకల మొదట్లో గుత్తులుగా అంటుకున్న తెల్లటి గుడ్లు పేలవి. పేలు జీవితమంతా కోడి ఒంటిపైనే గడుపుతాయి. పొదుగుతున్న పెట్ట 21 రోజులూ గుడ్లను విడిచి ఎక్కువసేపు తిరగదు, మట్టిలో పొర్లడమూ తక్కువే. అందుకే పేలు దానిపై సులభంగా పెరుగుతాయి.

ఎర్రనల్లి దారి వేరు. పగలు గూటి చెక్కల సందుల్లో దాగి, రాత్రి మాత్రమే వచ్చి రక్తం పీలుస్తుంది. పట్టపగలు కోడిని ఎంత వెతికినా దొరకదు. సాయంత్రం గూటిలోకి వెళ్లడానికి కోళ్లు మొరాయించడం, తలపై తురాయి పాలిపోవడం, గుడ్లు తగ్గడం దాని ఆనవాళ్లు. చీకటి పడ్డాక టార్చి వేసి, కోళ్లు వాలే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడిస్తే ఎర్రటి చారలు పడతాయి. వేసవిలో వారం పది రోజుల్లోనే కొత్త తరం తయారవుతుంది. ఆహారం లేకున్నా నెలల తరబడి బతుకుతుంది. అందువల్ల కోడికి మాత్రమే మందు చల్లి గూటిని వదిలేస్తే ఫలితం ఉండదు. గూటిని ఖాళీ చేసి, సందుల్లో మరిగే నీరు పోసి, ఆరాక పగుళ్లు పూడ్చి సున్నం వేయాలి. మట్టిగోడల బీటల్లో దాగే కోడి పిడుదులకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

కడుపులోని ఏలికపాముల గుడ్లు తేమ నేలలో చాలాకాలం నిలుస్తాయి. బద్దెపురుగులు చీమలు, పేడపురుగుల వంటి కీటకాలను తిన్నప్పుడు కోడిలో చేరతాయి. తిరిగి మేసే కోడిని వీటికి పూర్తిగా దూరంగా ఉంచడం అసాధ్యం. బక్కచిక్కిన కోడి రెట్టను పశువైద్యశాలలో పరీక్ష చేయించాక మందు వేయడం మేలు.

పంటకు తెచ్చిన పురుగుమందును కోళ్లపై చల్లడం పల్లెల్లో తరచూ జరిగే పొరపాటు. అది కోడికీ, దాని గుడ్డు తినే పిల్లలకూ ప్రమాదకరం. పశువైద్యుడు సూచించిన మందునే వాడాలి. చాలా మందులు పేల గుడ్లను చంపలేవు కనుక సూచించిన వ్యవధిలో రెండోసారి తప్పక వాడాలి. మందు వేశాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో ముందే అడిగి తెలుసుకోవాలి. సంచార పశువైద్య సేవల కోసం 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.