వార్ధక్యం – డి.ఎన్.ఏ.: హైదరాబాదులో సాగిన ఒక అన్వేషణ

యయాతి తన ముదిమిని కుమారుడైన పూరునికిచ్చి, అతని యౌవనాన్ని తాను గ్రహించాడని మహాభారత కథ. ముదిమి అట్లు చేతులు మారే వస్తువు కాదు. అయితే అది దేహంలో ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానం వెదకడం ఇటీవలి చరిత్రే.

1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి మైసూరులో చేరింది. తారానగర్ పరిసరాల పెద్దలు మరువని సంవత్సరమది. అదే ఏడాది ఏప్రిల్‌లో వాట్సన్, క్రిక్ శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. జంటపేటల నిర్మాణాన్ని ప్రకటించారు. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్‌లు మానవ శరీరంలోని సాధారణ కణాలు పరిమితమైన సార్లు మాత్రమే విభజన చెందుతాయని నిరూపించారు. విభజన జరిగినప్పుడల్లా క్రోమోసోముల కొసలైన టెలోమియర్లు కురచనవడమే ఇందుకు ముఖ్య కారణమని తరువాత తేలింది.

కాని మెదడులోని నాడీకణాల సంగతి వేరు. అవి చాలావరకు మరల విభజన చెందవు. పుట్టుకతో వచ్చిన డి.ఎన్.ఏ.తోనే జీవితాంతం గడపాలి. ఆ డి.ఎన్.ఏ. ప్రతిదినం వేల సంఖ్యలో దెబ్బ తింటూనే ఉంటుంది. కనుక వాటి ఆయువు మరమ్మతుపైనే ఆధారపడుతుంది. తాతగారు మనుమని పేరు మరచినప్పుడు ఇంటివారు పడే వేదన తెలిసిన వారికి ఈ ప్రశ్న కేవలం పుస్తకాలది కాదు.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రాచార్యులు కల్లూరి సుబ్బారావుగారు చేపట్టినది ఈ ప్రశ్ననే. మరమ్మతు చేసే ఎంజైము ముసలితనంలో తప్పులు చేస్తుందా, లేక శక్తి తగ్గుతుందా? ఆయన మార్టిన్, లోబ్ అను అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 1985లో వెలువరించిన పరిశోధనలో, బాగా ముసలివైన చుంచెలుకల నాడీకణాల్లోని డి.ఎన్.ఏ. పాలిమరేజ్-బీటా నిష్ఠగానే పని చేస్తున్నట్లు తేలింది. పనివాడు నేర్పరియే, లోపం మరొక చోట ఉన్నది.

చిరిగిన వస్త్రానికి అతుకు పెట్టడం ఒక పని, అంచు కుట్టి ముగించడం మరొకటి. డి.ఎన్.ఏ.లో ఏర్పడిన ఖాళీని పాలిమరేజ్-బీటా పూరిస్తుంది. తెగిన కొసలను లైగేజ్ కలుపుతుంది. వయసు మీరిన ఎలుకల నాడీకణాల సారంలో ఈ పూరణ మందగించడాన్ని సుబ్బారావుగారి బృందం గమనించింది. ఆ సారానికి పై రెండు ఎంజైములను చేర్చగా మరమ్మతు తిరిగి సాగింది. ఈ ఫలితం 2005లో వెలువడింది. డి.ఎన్.ఏ. మరమ్మతు తీరును వివరించిన లిండాల్, మోడ్రిచ్, సంకార్‌లకు నోబెల్ బహుమతి లభించినది అటుపై పదేళ్లకు, 2015లో.

యౌవనం తిరిగి ఇస్తామని బజారులో లేహ్యాలు అమ్మేవారికి ఈ వార్త పనికిరాదు. ఇది గాజుగొట్టంలో, ఎలుక కణాల సారంపై జరిగిన ప్రయోగం. సజీవమైన మెదడులోని కోట్లాది కణాలకు ఆ ఎంజైములను చేర్చడం ఇంతకంటె ఎంతో కష్టమైన కార్యం.