శ్రామికుని కుమారుడు
శ్రామికుని కుమారుడు మరల శ్రామికుడే యగుట చూచి మనము వాని తెలివితక్కువనో, తలవ్రాతనో నిందింతుము. ఆంగ్ల సామాజిక శాస్త్రవేత్త పాల్ విల్లిస్ ఈ రెంటిని నమ్మలేదు. 1945లో వుల్వర్‌హాంప్టన్‌లో జన్మించి, కేంబ్రిడ్జిలో సాహిత్యము చదివి, బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమున పరిశోధకుడైన యీయన, ఒక పారిశ్రామిక పట్టణమున పండ్రెండుగురు శ్రామిక బాలురను బడిచదువు ముగియు కాలమునుండి పనిలో చేరిన తొలి మాసములవఱకు వెన్నంటి గమనించెను. వారితో తరగతిలో కూర్చుండెను. పిమ్మట కర్మాగారమున వారి ప్రక్కన కొన్నాళ్ళు పనియు చేసెను. ప్రశ్నపత్రములు పంచి లెక్కలు కట్టు పండితులకిది వింతయే.

ఆ బాలురు మందమతులు కారు. చదివిన శ్రామికుల బిడ్డలందఱికి పెద్ద కొలువులు దొరకవని వారు కనిపెట్టిరి. కనుకనే ఉపాధ్యాయుల మాట పెడచెవిని బెట్టిరి. బుద్ధిగా వినువారిని ‘చెవితొఱ్ఱలు’ అని వెక్కిరించిరి. కలముపట్టు పని ఆడంగితనమనియు, కండలు కరగించు పనియే మగతనమనియు వారి తలంపు. ఆ ధిక్కారమే వారిని తండ్రులు నడచిన కర్మాగారపు వాకిటికి తానై నడిపించెను. 1977లో వెలువడిన ‘లెర్నింగ్ టు లేబర్’ గ్రంథసారమిదియే. ఇందు బాలికల బ్రదుకునకు చోటు లేదని ఏంజెలా మెక్‌రాబీ చేసిన విమర్శ న్యాయమేయని మనకు తోచును.

1980 దశకమున ఆ ప్రాంతమున కర్మాగారములెన్నో మూతపడెను. అప్పుడు విల్లిస్ వుల్వర్‌హాంప్టన్‌కే మరలి, పనిలేని యువకుల స్థితిని పరిశీలింప బూనెను.