ఇసుక బల్ల నుండి మీటల పెట్టె వరకు

తరగతిలో ఉపాధ్యాయుడు ఒక్కడు, విద్యార్థులు అనేకులు. ఆ ఒక్కని మాట అందరి చెవిని పడవచ్చును. కాని అందరి ఆలోచనలు ఆ ఒక్కనికి తెలియుట ఎట్లు? పిల్లలు ఒకరికొకరు నేర్పుకొన్నచో ఈ చిక్కు కొంత తీరుతుంది. అందుకు ఒకని మనస్సులోని సంగతి ప్రక్కవానికి కంటికి కనబడునట్లు చేయు సాధనము ఉండవలెను. ఆ సాధనముల చరిత్రలో మన దక్షిణదేశపు వీధిబడులకు గొప్ప స్థానమున్నది.

స్కాట్లండు దేశీయుడైన ఆండ్రూ బెల్ 1787లో మద్రాసు చేరినాడు. 1789లో ఎగ్మూరునందు సైనికుల అనాథ బాలుర కొరకు స్థాపించిన ఆశ్రమ పాఠశాలకు అధికారి అయినాడు. ఒకనాటి ఉదయము గుఱ్ఱముపై పోవుచు, ఒక దేశీయ పాఠశాలలో పిల్లలు నేలపై ఇసుక పరచి, వ్రేళ్ళతో అక్షరములు దిద్దుట చూచినాడు. ఇసుకకు ఖర్చు లేదు. తప్పు వ్రాసినచో అరచేతితో చెరిపి మరల వ్రాయవచ్చును. ప్రక్కనున్నవాడు చూచి సరిదిద్దవచ్చును. ఈ పద్ధతిని తన పాఠశాలలో ప్రవేశపెట్టుటకు అచ్చటి ఉపాధ్యాయులు ఇష్టపడలేదు. అప్పుడు బెల్ ఎనిమిదేండ్ల బాలుడొకనిని పిలిచి, చిన్నవారికి ఇసుకలో అక్షరములు నేర్పు పని అప్పగించినాడు. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చేసి చూపినాడు. ఈ అనుభవమును బెల్ 1797లో లండనులో పుస్తకముగా ప్రకటించినాడు.

మన వీధిబడులలో ఈ పద్ధతి ఎట్లుండెడిదో తెలిసికొనుటకు మరియొక ఆధారము కలదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో విద్యాస్థితిపై విచారణ జరుపగా, బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో నివేదిక పంపినాడు. తెలుగు వ్యాకరణమును ఆంగ్లములో రచించినవాడితడే. ఆ జిల్లాలో 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు అతడు లెక్క చెప్పినాడు. అనగా బడికి సగటున పన్నెండుగురు. పిల్లలు మొదట ఇసుకలో దిద్ది, పిమ్మట బొగ్గుపొడి, అన్నము పూసి నునుపు చేసిన కొయ్యపలకపైనను, గంజి పెట్టి నల్లగా చేసిన గుడ్డ కడితముపైనను బలపముతో వ్రాసెడివారు. పై తరగతి బాలుడు క్రింది బాలునికి నేర్పుచు, ఆ నేర్పుటలో తన చదువును తానే గట్టిపరచుకొనెడివాడని క్యాంబెల్ మెచ్చుకొన్నాడు. అయితే పిల్లలు అర్థము తెలియని పద్యములను వల్లించుచున్నారని కూడ అదే నివేదికలో విచారించినాడు. ఈ రెండవ మాటను మనము మరువరాదు.

లండనులో జోసెఫ్ లాంకాస్టరు 1798లో బీదపిల్లల కొరకు బడి తెరచినాడు. బెల్ పద్ధతి వంటిదే మరింత విస్తారముగా నడిపినాడు. చిన్నవారికి ఇసుక బల్లలు, పెద్దవారికి రాతిపలకలు. పుస్తకములకు బదులు పెద్ద అక్షరములతో అచ్చువేసిన అట్టలను గోడకు తగిలించి, పిల్లలను అర్ధవలయముగా నిలిపి చదివించినాడు. ఒక పుస్తకమే అనేకులకు చాలినది. ఆజ్ఞ కాగానే పిల్లలందరు పలకలెత్తి చూపెడివారు; పెద్దబాలురు తప్పులు దిద్దెడివారు. ఒక్క ఉపాధ్యాయుని క్రింద వందల మంది చదివినారు. ఈ పద్ధతిని మొదట కనిపెట్టిన ఘనత ఎవరిదని బెల్ పక్షమువారు, లాంకాస్టరు పక్షమువారు వాదులాడుకొన్నారు. ఆ వాదములో మన వీధిబడి పంతులుకు చోటు దొరకలేదు! బెల్ విడిచిన ధనముతో స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూసులో 1833లో స్థాపించిన పాఠశాల మాత్రము నేటికిని ‘మద్రాసు కాలేజీ’ అను పేరుతోనే నడచుచున్నది.

ఇంత వ్యాపించిన పద్ధతి పందొమ్మిదవ శతాబ్ది మధ్యకు ఎందుకు క్షీణించినది? పెద్దబాలుడు తాను విన్నదానినే తిరిగి వల్లించెను. చిన్నవాడు దానిని మరల వల్లించెను. పలక వ్రాతను చూపినది గాని, ఆలోచనను చూపలేదు. “ఎందుకు?” అని ఒకరినొకరు అడుగుటకు అందులో తావు లేకపోయినది.

ఆ తావు కల్పించిన ప్రయత్నములలో ఒకటి అమెరికాలో జరిగినది. హార్వర్డు విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్, తన విద్యార్థులు సూత్రములతో లెక్కలు చేయగలిగియు మూలభావములలో తడబడుచున్నారని గుర్తించి, 1991లో కొత్త పద్ధతి మొదలుపెట్టినాడు. ఉపన్యాసము మధ్య ఒక ప్రశ్న వేయవలెను. ప్రతివాడు ఒంటరిగా ఆలోచించి సమాధానము సూచించవలెను. తరువాత ప్రక్కవానితో వాదించి, మరల సూచించవలెను. తొలుత చేతులతోను, అట్టలతోను తెలిపినారు. పిమ్మట మీటలు గల చిన్న విద్యుత్ పెట్టెలు వచ్చినవి. మీట నొక్కగానే ఎందరు ఏ సమాధానము ఎన్నుకొన్నారో గురువునకు క్షణములో తెలియును. సరియైన సమాధానములు సుమారు 30 నుండి 70 శాతము వరకు ఉన్నప్పుడు చర్చ ఎక్కువగా ఫలించును.

ఉదాహరణకు, గ్లాసులోని నీటిపై మంచుగడ్డ తేలుచున్నది. అది కరిగినచో నీటిమట్టము పెరుగునా, తగ్గునా, మారదా? తేలు గడ్డ తన బరువునకు సమానమైన బరువు గల నీటినే తొలగించును. కరిగిన పిమ్మట ఆ నీరు సరిగా ఆ చోటునే నింపును గనుక మట్టము మారదు. ఈ హేతువును గురువు చెప్పక ముందు, పెరుగునన్నవాడు, మారదన్నవాడు ఎదురెదురుగా కూర్చుండి వాదించుటయే అసలైన పాఠము.

తెలివైనవాని సమాధానమును మిగిలినవారు అనుకరింతురేమో యను శంక సహజమే. కొలరాడో విశ్వవిద్యాలయములో జన్యుశాస్త్ర తరగతులందు దీనిని పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించినారు. చర్చ ముగిసిన పిమ్మట అదే భావముపై మరియొక ప్రశ్న వేసి, ఎవరికి వారే సమాధానము చెప్పుడనగా, మొదటి ప్రశ్నకంటె ఎక్కువమంది సరిగా చెప్పినారు. తొలుత ఎవరికిని సమాధానము తెలియని జట్లలో సైతము చర్చవలన అవగాహన కలిగినట్లు లెక్కలు చూపినవి.

కనుక సాధనము ఇసుకయా, పలకయా, విద్యుత్ పెట్టెయా అనునది రెండవ ప్రశ్న. అది పిల్లలచేత ఒకరికొకరు కారణము చెప్పించుచున్నదా అనునదే మొదటి ప్రశ్న. మీటలు లేని బడిలో అ, ఆ, ఇ అని వ్రాసిన మూడు అట్టముక్కలు చాలును. ఉపాధ్యాయ మిత్రులు మంచుగడ్డ ప్రశ్నతోనే రేపు ఆరంభింపవచ్చును. సమాధానము చెప్పుటకు మాత్రము తొందరపడకుందురు గాక.