టార్చిలైటు బ్యాటరీ వెనక కథ

రాత్రి కరెంటుకు మోటారు వేయడానికి చేనికి పోయేవాళ్లకే తెలుస్తుంది వెలుతురు విలువ. మా నాయన కాలంలో మూడు బ్యాటరీల స్టీలు లైటు ఉండేది. వెలుగు తగ్గితే బ్యాటరీలు ఎండలో పెట్టి ఇంకో రెండు రోజులు లాగేవాళ్లం.

చార్జింగ్ బ్యాటరీ కొత్తదేం కాదండీ. 1859లోనే ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం, యాసిడ్‌తో చేశాడు. మన ట్రాక్టరు బ్యాటరీ ఆ వంశమే. బరువెక్కువ. 1899లో స్వీడన్ ఆయన యుంగ్నర్ నికెల్-కాడ్మియం బ్యాటరీ చేశాడు. 1991లో సోనీ కంపెనీ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటి పెద్ద టార్చీల్లో ఎక్కువగా ఉండేది ఈ రకమే, 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు అని దాని అర్థం. పాత బ్యాటరీ 1.5 వోల్టులైతే ఇది ఒక్కటే 3.7.

పోయినేడు 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే చవగ్గా వస్తోందని కొన్నాను. నడిచేనులో ఆరిపోయింది. కాలు ఎక్కడ పెట్టాలో తెలియక, పాము భయంతో గట్టు మీదే నిలబడిపోయాను. తర్వాత తెలిసింది, ఆ సైజులో మంచి బ్యాటరీ కూడా 3500 దరిదాపుల్లోనే ఆగుతుందని.

అందుకే పైన రాసిన అంకె చూసి మోసపోకండి. తూకం వేయండి, మంచిది 45 గ్రాముల దాకా తూగుతుంది. మరీ తేలికైతే వదిలేయండి. చార్జరు 4.2 వోల్టుల దగ్గర ఆగే లిథియం చార్జరే కావాలి. తొడుగు చిరిగినా, సొట్టపడినా వాడొద్దు, అంటుకుంటుంది.

వంద రూపాయలు మిగిలించుకోబోయి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.