మార్టిన్ దొంగ కాడు

నిజం తెలిస్తే మనసు తేలికపడుతుందని రాబర్ట్ కాప్లన్ మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ నమ్మకమే అతణ్ణి పొట్టన పెట్టుకుంది.

1932 మేలో లండన్‌లోని లిరిక్ థియేటర్‌లో మొదలైంది జె.బి. ప్రీస్ట్‌లీ నాటకం ‘డేంజరస్ కార్నర్’. అందులో రాబర్ట్ ఓ ప్రచురణ సంస్థలో భాగస్వామి. రాత్రి భోజనాలయ్యాక భార్య ఫ్రీడా, ఆమె తమ్ముడు గోర్డన్, అతని భార్య బెట్టీ, సంస్థలో పనిచేసే ఓల్వెన్, స్టాంటన్ అంతా హాల్లో చేరారు. ఏళ్లుగా కలిసిమెలిసి తిరిగినవాళ్లే. రాబర్ట్ సోదరుడు మార్టిన్ ఏడాది కిందట తుపాకీ పేలి చనిపోయాడు. ఆత్మహత్య అనుకున్నారు అందరూ.

మూత తీస్తే సంగీతం పలికే సిగరెట్ల పెట్టె ఒకటి చేతులు మారింది. దాన్ని మార్టిన్ దగ్గర చూశానని ఓల్వెన్ నోరు జారింది. అది మార్టిన్‌కు చేరింది అతను పోయిన రోజునే! అయితే ఆ రోజు ఓల్వెన్ అక్కడికి వెళ్లిందన్నమాట. రాబర్ట్ పట్టు విడవలేదు. వద్దన్నకొద్దీ అడిగాడు.

గుట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఫ్రీడా ప్రేమించింది మార్టిన్‌ని. రాబర్ట్ మనసులో దేవతలా కొలిచిన బెట్టీకి స్టాంటన్‌తో సంబంధం. మత్తులో మీదపడ్డ మార్టిన్‌తో ఓల్వెన్ పెనుగులాడుతుంటే తుపాకీ పేలింది.

వీటన్నిటికన్నా నన్ను కలచివేసేది సంస్థ నుంచి మాయమైన 500 పౌండ్ల సంగతి. తీసింది స్టాంటన్. మార్టిన్ తీశాడని రాబర్ట్‌తో చెప్పాడు, రాబర్ట్ తీశాడని మార్టిన్‌తో చెప్పాడు. అన్నదమ్ములిద్దరూ నమ్మారు. పరువు కాపాడాలని ఒకరికోసం ఒకరు నోరు మూసుకున్నారు. ‘నువ్వేనా తీసింది?’ అని ఎదురుగా నిలబడి ఒక్క మాట అడిగి ఉంటే ఆ అబద్ధం ఆ పూటే తేలిపోయేది. ప్రేమ ఉంది కనుకే అడగలేదు. ఆలస్యంగా అడిగిన ఆ ప్రశ్నకు జవాబు దొరికేసరికి రాబర్ట్‌కు భార్య లేదు, స్నేహితులు లేరు, కొలవడానికి దేవత లేదు. తాగి, తుపాకీ కోసం లోపలికి వెళ్లాడు. చీకట్లో పేలుడు వినిపించింది.

అక్కడే ప్రీస్ట్‌లీ కాలాన్ని వెనక్కి తిప్పాడు. మళ్లీ అదే రాత్రి, అదే పెట్టె. ఈసారి రేడియోలో డాన్సు పాట దొరికింది, మాట మరుగున పడింది, అందరూ నవ్వుతూ నాట్యం చేశారు. రాబర్ట్ బతికాడు. కానీ చేయని దొంగతనం మార్టిన్ పేరుమీదే ఉండిపోయింది.